బబులోనులో దేవునికి నమ్మకంగా బ్రదకడం

(బైబిలు ధ్యాన కూటంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాసి పెట్టిన పాఠం.)

సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు. దయచేసి యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం తెరవండి. ఈ అధ్యాయంలో ఒక వచనం మీలో చాలామందికి కంఠతా వచ్చు. అది 11వ వచనం. మన ఇళ్ళలో గోడకు వేలాడే వాగ్దానాల క్యాలెండర్లలో, పెళ్ళి పత్రికల మీద, కొత్త ఇంటి గుమ్మం మీద ఆ వచనమే కనబడుతుంది. దేవుడు మన విషయంలో ఉద్దేశించిన సంగతులు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే ఆ మాట మనలో ఎందరినో ఆదరించింది, నన్నూ ఆదరించింది. అయితే దానికి సరిగ్గా ముందున్న 10వ వచనం ఎంతమందికి కంఠతా వచ్చు? బబులోనులో 70 సంవత్సరాలు గడిచిన తరువాతే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని దేవుడు చెప్పిన వచనం అది. ఈ అధ్యాయం బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుండి రాసి పంపిన ఉత్తరం. ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు ఎదురుగా కూర్చున్నవారిలో నలభై ఏళ్ళ మనిషి ఉన్నాడనుకోండి, అతడు మళ్ళీ యెరూషలేమును చూస్తాడా? చూడడు. అతని భార్య చూడదు. సమాధానకరమైన ఉద్దేశం అని దేవుడు చెప్పింది అలాంటివారితో. ఈ రోజు మనం ధ్యానించవలసింది ఇదే: తాము కోరుకున్న విధంగా ఏదీ తిరిగి రాదని తెలిసిన తరువాత, మారిపోయిన దేశంలో, మారిపోయిన బ్రదుకులో, ఆ ప్రజలు దేవునికి నమ్మకంగా ఎలా ఉన్నారు? ఎక్కడ తప్పిపోయారు?

ముందుగా అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకుందాం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకున్నాడు. అప్పటికి యూదా రాజు యెహోయాకీను వయస్సు 18 ఏళ్ళు, అతడు ఏలినది మూడు నెలలే. రాజును, రాజు తల్లిని, అధిపతులను, యోధులను, కంసాలులను, కమ్మరులను బబులోనుకు చెరగొనిపోయారు. రెండవ రాజుల గ్రంథం 24వ అధ్యాయంలో పదివేలమంది అని లెక్క ఉంది. దేశంలో మిగిలినది నిరుపేదలు. పట్టణం మాత్రం ఇంకా నిలిచే ఉంది, దేవాలయం కూడా నిలిచే ఉంది. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే యిర్మీయా ఉత్తరం రాసేనాటికి బబులోనులో ఉన్నవారి మనస్సు ఇంకా యెరూషలేములోనే ఉంది. ఇది కొద్దికాలమే, త్వరలో వెళ్ళిపోతాం, మూటాముల్లె విప్పనక్కరలేదు అనుకుంటూ బ్రదుకుతున్నారు.

ఆ మాటకు బలం చేకూర్చే ప్రవక్తలు కూడా ఉన్నారు. 28వ అధ్యాయంలో గిబియోను ఊరివాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట నిలబడి, రెండు సంవత్సరాలలోగా దేవాలయపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయి, రాజు తిరిగి వస్తాడు, చెరపట్టబడినవారందరూ తిరిగి వస్తారు అని యెహోవా పేరట ప్రకటించాడు. యిర్మీయా ఏమన్నాడో చూడండి. ఆమేన్ అన్నాడు! యెహోవా ఆలాగే చేయును గాక అన్నాడు. యిర్మీయాకు తన ప్రజల మీద ప్రేమ లేదనుకునేవారు ఈ మాట చదవాలి. హనన్యా చెప్పినది నిజమైతే అందరికంటే ఎక్కువ సంతోషించేవాడు యిర్మీయాయే. కానీ అది నిజం కాదు. బబులోను రాజుకు లోబడాలి అనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని హనన్యా తీసి విరిచాడు. ఆ తరువాత దేవుని వాక్కు వచ్చింది: నీవు కొయ్య కాడిని విరిచావు, దానికి బదులుగా ఇనుప కాడి వస్తుంది. అదే సంవత్సరం ఏడవ నెలలో హనన్యా చనిపోయాడు.

రెండు సంవత్సరాలు అని చెప్పిన మాట ప్రజలకు ఎందుకంత నచ్చింది? మార్పును ఒప్పుకోనక్కరలేకుండా చేసింది కనుక. ఓర్చుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. రెండేళ్ళయితే ఎవరైనా పళ్ళ బిగువున ఓర్చుకుంటారు. ఆ రెండేళ్ళలో దేవునితో కొత్తగా మాట్లాడవలసిన పని లేదు, తమ పాపాన్ని గురించి ఆలోచించవలసిన పని లేదు, పక్కింటి బబులోనువాడి ముఖం చూడవలసిన పని కూడా లేదు. నా ఉద్దేశంలో అబద్ధ ప్రవచనానికి అసలు గుర్తు ఇదే. అది ఎప్పుడూ దుష్టంగా వినబడదు, ఆదరణగానే వినబడుతుంది, కానీ మనల్ని ఉన్నచోట దేవునికి లోబడనివ్వదు.

ఇప్పుడు యిర్మీయా ఉత్తరంలో ఏముందో చూడండి. ఈ ఉత్తరం మోసుకొని వెళ్ళినవారు సామాన్యులు కారు. షాఫాను కుమారుడు ఎల్యాశా, హిల్కీయా కుమారుడు గెమర్యా, వీరిని యెహోయాకీను తరువాత యూదాను ఏలిన సిద్కియా రాజు నెబుకద్నెజరు దగ్గరకు పంపినప్పుడు వారి చేతికి యిర్మీయా ఈ ఉత్తరం ఇచ్చాడు. ఇండ్లు కట్టుకోండి, వాటిలో నివసించండి. తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి. పెండ్లిళ్ళు చేసికోండి, పిల్లలకు పెండ్లిళ్ళు చేయండి, అక్కడ తగ్గిపోక అభివృద్ధి పొందండి. తోట నాటినవాడు ఫలం కోసం ఎన్నేళ్ళు ఆగాలి? ఖర్జూరపు చెట్టు నాటితే కాపు చూడడానికి ఏళ్ళు పడుతుంది. రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడు చెట్టు నాటడు. నీవు ఇక్కడ ఉండబోతున్నావు అని దేవుడు వారికి ఇంత నిర్మొహమాటంగా చెప్పాడు.

ఆ తరువాతి మాట ఇంకా కష్టమైనది. నేను మిమ్మల్ని చెరగొనిపోయిన పట్టణపు క్షేమం కోరండి, దానికోసం యెహోవాకు ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణమవుతుంది. ఏ పట్టణం అది? వారి కొడుకులను చంపిన పట్టణం. 137వ కీర్తన చదివినవారికి ఆ ప్రజల గుండెల్లో ఎంత మంట ఉందో తెలుసు. అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడుతాం అని వారు అడిగారు. ఆ కీర్తన చివరి మాటలు మనం సంఘంలో చదవడానికే వెనకాడతాం. దేవుడు ఆ కీర్తనను తన గ్రంథంలో నుండి తీసివేయలేదు, ఆ మంటను దాచమనలేదు. అయినా ఆ పట్టణం కోసం ప్రార్థన చేయమన్నాడు. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. ఈ కీర్తన పాడిన నోటితోనే ఆ ప్రార్థన కూడా చేయాలి. ఇంకొక మాట గమనించండి. నెబుకద్నెజరు మిమ్మల్ని చెరగొనిపోయాడు అనే మాట 1వ వచనంలో ఉంది, 7వ వచనంలో మాత్రం నేను మిమ్మల్ని చెరగొనిపోయాను అని దేవుడే అంటున్నాడు. ఈ మాట నమ్మినవాడికి బబులోను కూడా దేవుని చేయి చేరలేని దేశం కాదు.

ఆ ఉత్తరం అందరికీ నచ్చిందా? నచ్చలేదు. అదే అధ్యాయం చివరలో షెమయా అనేవాడు బబులోను నుండి యెరూషలేములోని యాజకుడైన జెఫన్యాకు తిరుగు ఉత్తరం రాశాడు. ఇది చాలా కాలం సాగుతుంది, ఇండ్లు కట్టుకోండి అని ఈ యిర్మీయా మాకు రాశాడు, ఇతన్ని మీరెందుకు గద్దించలేదు, ఎందుకు బొండలో (కాళ్ళు బిగించే కొయ్యలో) వేయలేదు అని నిలదీశాడు. చూడండి, దేవుని మాట వచ్చినప్పుడు దాని మీద ఫిర్యాదు చేసినవాడు బయటివాడు కాదు, విశ్వాసం లేనివాడూ కాదు, యెహోవా పేరట మాట్లాడే మనిషే.

మరి ఆ ప్రజలు నిజంగా ఇండ్లు కట్టుకున్నారా? కట్టుకున్నారు. దీనికి లేఖనం బయట కూడా సాక్ష్యం ఉంది. బబులోను శిథిలాలలో దొరికిన మట్టి పలకల మీద యూదా రాజైన యెహోయాకీనుకు, అతని అయిదుగురు కుమారులకు రాజగృహం నుండి నూనె కొలిచి ఇచ్చిన లెక్క ఉంది. ఆ పలకలను 1939లో ప్రచురించారు. ఇంకొక గుంపు పలకలు ఉన్నాయి, సుమారు 200, అవి క్రీ.పూ. 572 మొదలు 477 వరకు రాసినవి, 2014లో వాటిలో పెద్ద భాగం అచ్చయింది. వాటిలో ఒక ఊరి పేరు అల్ యాహూదు, అంటే యూదా ఊరు. ఆ ఊరిలో యూదులు రాజుగారి భూమి కౌలుకు చేస్తున్నారు, యవలు, ఖర్జూరాలు శిస్తు కడుతున్నారు, అప్పులు ఇచ్చి పుచ్చుకుంటున్నారు, తండ్రి ఆస్తిని కొడుకులు పంచుకుంటున్నారు. యిర్మీయా ఉత్తరంలో చెప్పిన బ్రదుకు ఆ మట్టి పలకల మీద కనబడుతుంది. వారిలో ఎందరి పేర్లలోనో యెహోవా నామం ఉంది. అందరికీ లేదు, కొందరు బబులోను పేర్లు పెట్టుకున్నారు. కానీ ఆలోచించండి, పన్నుల గుమాస్తా తన బబులోను అక్షరాలతో మట్టి మీద ఒక రైతు పేరు రాస్తున్నాడు, ఆ పేరులో అతడు ఎరుగని దేవుని నామం ఉంది, చెరలో పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు.

దేవాలయం లేనిచోట దేవుడు

ఇప్పుడు యెహెజ్కేలు దగ్గరకు వెళ్దాం. నేను ఈ భాగం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మార్పులో నమ్మకంగా ఉండడమనే మాటకు అసలైన పునాది ఇక్కడ ఉందని నా నమ్మకం. యెహెజ్కేలు యాజకుడు. యెహోయాకీనుతోపాటు చెరలోకి వచ్చినవాడు. అతని గ్రంథం మొదటి వచనంలో ముప్పదియవ సంవత్సరం అనే మాట ఉంది. అది అతని వయస్సు అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. సంఖ్యాకాండం 4వ అధ్యాయంలో ప్రత్యక్షపు గుడారపు సేవకు లెక్క పెట్టే వయస్సు ముప్పై నుండి మొదలవుతుంది. చిన్నప్పటి నుండి దేని కోసం సిద్ధపడ్డాడో ఆ వయస్సు వచ్చింది, కానీ ఆ దేవాలయం వందల మైళ్ళ దూరంలో ఉంది. బలిపీఠం లేదు, ధూపం లేదు, యాజక వస్త్రాలు లేవు. బబులోను పొలాలకు నీరు పారే కెబారు కాలువ ఒడ్డున, చెరపట్టబడినవారి మధ్య ఉన్నాడు. క్రీ.పూ. 593లో అక్కడ ఆకాశం తెరవబడింది.

అతడు ఏమి చూశాడు? సింహాసనం చూశాడు. ఆ సింహాసనం కింద ఏమున్నాయి? చక్రాలు! ఈ చక్రాల గురించి మనం ఎన్నో వింత వివరణలు వింటాం. నేను ఆ వివరణల జోలికి పోను. ఒక్క సంగతి చాలు. యెరూషలేములో ఉన్నవారు దేవుని సింహాసనం రాతి గోడల మధ్య కదలకుండా ఉందనుకున్నారు. యెహెజ్కేలు చూసిన సింహాసనం ఏ దిక్కుకైనా వెళ్ళగలదు, అది బబులోనుకు వచ్చింది. ఆ తరువాత 10, 11 అధ్యాయాలలో యెహోవా మహిమ దేవాలయపు గడప దగ్గరకు, అక్కడ నుండి తూర్పు గుమ్మానికి, అక్కడ నుండి పట్టణానికి తూర్పున ఉన్న కొండకు కదలిపోవడం కూడా అతడు చూశాడు. బబులోను సైన్యం దేవాలయాన్ని కాల్చకముందే దేవుని మహిమ అందులో నుండి వెళ్ళిపోయింది. వారు కాల్చినది ఏమిటి మరి? దేవుడు విడిచిన భవనాన్ని.

ఇది చాలా భయంకరమైన మాట, చాలా ఆదరణ గల మాట కూడా. యెరూషలేములో మిగిలినవారు చెరలో ఉన్నవారిని గురించి ఏమనుకున్నారో 11వ అధ్యాయం 15వ వచనంలో ఉంది. వారు యెహోవాకు దూరమయ్యారు, ఈ దేశం మాకే వచ్చింది అనుకున్నారు. దేవుడు చెప్పిన జవాబు దాని వెంటనే ఉంది. నేను వారిని దూరంగా అన్యజనుల మధ్యకు తోలివేసినా, వారు వెళ్ళిన దేశాలలో కొంతకాలం నేనే వారికి పరిశుద్ధాలయంగా ఉంటాను. నేనే! గోడలు లేవు, బలిపీఠం లేదు, నేనే ఆలయం. ఈ మాట విన్న తరువాత వారికి ఏమి లోటు? యిర్మీయా కూడా 24వ అధ్యాయంలో రెండు గంపల అంజూరపు పండ్లు చూశాడు, మంచివి చెరకు వెళ్ళినవారు, చెడ్డవి దేవాలయం పక్కన మిగిలినవారు. మన లెక్కకు ఇది తారుమారు. మనం అయితే సంఘంలో ముందు బెంచీ మీద కూర్చున్నవారిని మంచి గంపలో వేస్తాం.

దేవాలయం మీద అంత నమ్మకం పెట్టుకోవడం ఎప్పుడు మొదలైంది? యిర్మీయా 7వ అధ్యాయంలో ఆయన దేవాలయపు ద్వారంలో నిలబడి చెప్పాడు: ఇది యెహోవా ఆలయం, ఇది యెహోవా ఆలయం, ఇది యెహోవా ఆలయం అనే మోసపు మాటలు నమ్మకండి అన్నాడు. మూడుసార్లు. పరదేశిని, తండ్రిలేనివారిని, విధవరాలిని బాధపెడుతూ, దొంగతనం చేస్తూ, బయలు దేవతకు ధూపం వేస్తూ, తిరిగి వచ్చి ఈ మందిరంలో నిలబడి మేము తప్పించుకున్నాం అంటారా? షిలోహుకు వెళ్ళి చూడండి, నా నామం మొదట నిలిపిన స్థలానికి ఏమి జరిగిందో చూడండి అన్నాడు. ఆ ప్రజలు దేవునికి నమ్మకంగా ఉన్నామనుకున్నారు, నిజానికి వారు నమ్మకంగా ఉన్నది అలవాటుకు. అలవాటు మారనంతకాలం ఈ రెండింటికీ తేడా ఎవరికీ తెలియదు. మార్పు వచ్చినప్పుడే తెలుస్తుంది.

దానియేలు, రేకాబీయులు, ఐగుప్తుకు పారిపోయినవారు

అయితే ఏది పట్టుకోవాలి, ఏది విడిచిపెట్టవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు పట్టిక వేసి ఇచ్చే పుస్తకం హెబ్రీ లేఖనాలలో లేదు. ఆ లేఖనాలు మనుష్యులను చూపిస్తాయి. దానియేలును, అతని ముగ్గురు స్నేహితులను చూడండి. వారికి పేర్లు మార్చారు, బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని పిలిచారు. వారు ఎదురు చెప్పినట్టు లేదు. మూడు సంవత్సరాలు కల్దీయుల విద్య, భాష నేర్పించారు. నేర్చుకున్నారు, అందరికంటే బాగా నేర్చుకున్నారు. శత్రురాజు కొలువులో ఉద్యోగం ఇచ్చారు. చేశారు. రాజు భోజనం, రాజు ద్రాక్షారసం దగ్గర మాత్రం దానియేలు తన మనస్సులో నిశ్చయించుకున్నాడు. అక్కడ కూడా ఎంత వినయంగా మాట్లాడాడో చూడండి, కేకలు వేయలేదు, పది దినాలు శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి పరీక్షించండి అని అధికారిని బ్రతిమాలుకున్నాడు. ఈ రోజు మన పిల్లలు హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు, అమెరికాకు చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్తున్నారు. అక్కడి భాష మాట్లాడితే, అక్కడి బట్టలు వేసుకుంటే విశ్వాసం పోయిందని కంగారుపడే తల్లిదండ్రులారా, దానియేలు వేటికి ఒప్పుకున్నాడో ఆ జాబితా కూడా చదవండి. అలాగే, అంతా మారింది కదా, ఇంకేమి పట్టింపు అనే యౌవనులారా, దానియేలు దేనికి ఒప్పుకోలేదో మీరూ చదవండి.

ఆ దానియేలే వృద్ధాప్యంలో, ముప్పై దినాలు రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదు, చేస్తే సింహాల గుహలో వేస్తాం అని మాదీయుడైన దర్యావేషు ఆజ్ఞ వచ్చినప్పుడు, యెరూషలేము వైపు తెరిచిన కిటికీల దగ్గర రోజుకు మూడుసార్లు మోకాళ్ళూని ప్రార్థించాడు. యథాప్రకారంగా అని లేఖనం చెబుతుంది. సింహాల గుహ ఆ రోజు కొత్తగా వచ్చింది గాని, ప్రార్థన కొత్తది కాదు. యెరూషలేములో అప్పుడు ఏముంది? క్రీ.పూ. 586లో కాలిపోయిన ఆలయం తాలూకు రాళ్ళున్నాయి. మరి ఆ వైపు ఎందుకు? సొలొమోను ఆలయ ప్రతిష్ఠ నాడు చేసిన ప్రార్థనలో, మొదటి రాజుల గ్రంథం 8వ అధ్యాయంలో, వారు శత్రువుల దేశంలో చెరలో ఉండి ఈ పట్టణం వైపు, ఈ మందిరం వైపు తిరిగి ప్రార్థిస్తే నీవు ఆకాశంలో నుండి విను అని ఉంది. ఆలయం కట్టిన రోజునే, ఆలయం లేని రోజుకు కూడా ప్రార్థన సిద్ధం చేసి పెట్టారు. దానియేలు ఆ మాటను పట్టుకున్నాడు. దానియేలు గ్రంథం 9వ అధ్యాయంలో అతడు యిర్మీయా గ్రంథం చదివి 70 సంవత్సరాలు అని గ్రహించాడు. గ్రహించి పండుగ చేసుకున్నాడా? ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని, మేము పాపం చేశాం అని ఒప్పుకున్నాడు. తన ప్రజల తప్పును వారు అన్నాడా? మేము అన్నాడు. తరువాత కొందరు యెరూషలేముకు తిరిగి వెళ్ళారు, దానియేలు వెళ్ళినట్టు గ్రంథంలో లేదు. పారసీక రాజు కోరెషు ఏలుబడిలో మూడవ సంవత్సరంలో కూడా అతడు హిద్దెకెలు (టైగ్రిస్) నది ఒడ్డునే ఉన్నాడు.

రేకాబీయుల సంగతి త్వరగా చెబుతాను. యిర్మీయా 35వ అధ్యాయం. వారి పితరుడు యెహోనాదాబు వారికి ద్రాక్షారసం తాగవద్దు, ఇండ్లు కట్టుకోవద్దు, గుడారాలలో నివసించండి అని ఆజ్ఞాపించాడు. నెబుకద్నెజరు సైన్యం వచ్చినప్పుడు వారు ప్రాణభయంతో యెరూషలేములోకి వచ్చారు. ఆ సంగతి వారే యిర్మీయాతో దాచకుండా చెప్పారు. పల్లె విడిచి పట్టణంలో ఉన్నాం కదా, ఇంక ఆజ్ఞ ఎక్కడిది అని వారు అనలేదు. ద్రాక్షారసం ముందు పెడితే తాగలేదు. దేవుడు వారిని యూదా ప్రజలందరి ముందు మాదిరిగా నిలబెట్టాడు. పరిస్థితి బలవంతం చేసిన ఒక్క మార్పును సాకుగా చూపి మిగతా అన్నీ వదిలేసే మనుష్యులను నేను చూశాను, మీరూ చూసి ఉంటారు. రేకాబీయులు అలా చేయలేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది 42వ అధ్యాయం నుండి 44వ అధ్యాయం వరకు ఉన్న కథ. పట్టణం కూలిన తరువాత మిగిలిన కొద్దిమంది కారేహ కుమారుడు యోహానాను నాయకత్వంలో యిర్మీయా దగ్గరకు వచ్చి, మేలైనా కీడైనా దేవుడు చెప్పినది చేస్తాం, ప్రార్థించు అన్నారు. యిర్మీయా పది దినాలు కనిపెట్టాడు. జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్ళకండి. వారు ఏమన్నారు? నీవు అబద్ధమాడుతున్నావు అన్నారు. ప్రార్థన చేయమని అడిగినప్పటికే వారి మూటలు కట్టి ఉన్నాయి. ఐగుప్తులో తహపనేసు చేరాక ఇంకొక అడుగు వేశారు. మేము ఆకాశరాణి అనే దేవతకు ధూపం వేసినంతకాలం మాకు సమృద్ధి ఉంది, మానినప్పటి నుండి కరువు, ఖడ్గం వచ్చాయి అన్నారు. కష్టం వచ్చింది నిజమే. కానీ ఆ కష్టం నుండి వారు తీసుకున్న అర్థం చూడండి! విగ్రహాలు పెట్టుకున్నందుకు వచ్చిన కష్టాన్ని, విగ్రహాలు విడిచిపెట్టినందుకు వచ్చిందనుకున్నారు. మార్పు తనకు తానుగా ఎవరికీ ఏమీ నేర్పదు. బబులోనుకు వెళ్ళినవారికీ, ఐగుప్తుకు వెళ్ళినవారికీ పోయిన పట్టణం ఒకటే.

తిరిగి వచ్చినవారి పరీక్ష

క్రీ.పూ. 539లో కోరెషు బబులోనును జయించాడు. ఆ తరువాతి సంవత్సరం యూదులు వెళ్ళి తమ దేవుని మందిరం కట్టుకోవచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. ఎజ్రా 2వ అధ్యాయంలో 42,360 మంది అని లెక్క ఉంది. చెర ముగిసింది కాబట్టి పరీక్ష కూడా ముగిసిందని మనం అనుకుంటాం. కానీ ఇంటికి రావడం కూడా మార్పే, ఒక్కొక్కసారి అదే పెద్ద మార్పు. ఎజ్రా 3వ అధ్యాయంలో కొత్త ఆలయానికి పునాది వేసినప్పుడు, మొదటి ఆలయాన్ని కళ్ళారా చూసిన వృద్ధులు గొప్ప శబ్దంతో ఏడ్చారు. మిగతావారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో, ఏది సంతోషమో జనులకు తెలియలేదు.

నేను ఈ భాగం చదివినప్పుడెల్లా మన సంఘాలను తలచుకుంటాను. పాత కీర్తనలు వినబడక కళ్ళు తుడుచుకునే పెద్దలున్నారు, కొత్త పాటలకు చప్పట్లు కొట్టే పిల్లలున్నారు. ఎవరిది తప్పు అని లేఖనం తీర్పు చెప్పిందా? చెప్పలేదు. వృద్ధులను ఏడవవద్దనలేదు. వారు ఏడ్చినది కల్పించుకున్న దానికోసం కాదు, నిజంగా పోయినదానికోసం. పిల్లలను ఊరుకోమనలేదు. వారికి ఇదే మొదటి ఆలయం. అయితే ఆ తరువాత జరిగినది విచారకరం. చుట్టుపక్కల వారి వ్యతిరేకత వచ్చింది, పని ఆగింది, ఏళ్ళకేళ్ళు ఆగిపోయింది. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త లేచేనాటికి ప్రజలు ఏమంటున్నారు? యెహోవా మందిరం కట్టే సమయం ఇంకా రాలేదు అంటున్నారు. తమకు మాత్రం సరంబీ (చెక్క పలకలు) వేసిన ఇండ్లు కట్టుకున్నారు. బబులోనులో ఇండ్లు కట్టుకోండి అన్నది దేవుడే, ఇక్కడ మీరు మీ ఇండ్లలో ఉండడానికి ఇది సమయమా అని అడిగినది కూడా ఆ దేవుడే! నిన్న విధేయతగా ఉన్న పని ఈ రోజు సాకుగా మారవచ్చు. ఒకసారి విన్న మాటను పట్టుకొని, మళ్ళీ వినడం మానేసినవారికి ఇది తెలియదు.

హగ్గయి ఏడవ నెలలో ఆ వృద్ధుల వైపు తిరిగి సూటిగా అడిగాడు. ఈ మందిరపు పూర్వ మహిమను చూసినవారు మీలో ఎవరున్నారు? ఇప్పుడు ఇది మీ కళ్ళకు ఎలా కనబడుతోంది? ఏమీ లేనట్టుగా ఉంది కదా? దేవుడు వారి బాధను కొట్టివేయలేదు, తానే దాన్ని పైకి తీశాడు. తీసి, ధైర్యం తెచ్చుకోండి, పని చేయండి, నా ఆత్మ మీ మధ్య ఉంది, భయపడకండి అన్నాడు. ఇది పాత ఆలయంలా ఉంటుందని ఆయన వారితో అనలేదు. నేను మీకు తోడుగా ఉన్నాను అన్నాడు.

వారు మళ్ళీ పని మొదలుపెట్టారు. అప్పుడు యూఫ్రటీసు నది అవతలి ప్రాంతానికి పారసీకుల అధికారి తత్తెనై వచ్చి, ఈ మందిరం కట్టడానికి మీకు ఎవరు సెలవిచ్చారు, ఈ పని చేయిస్తున్నవారి పేర్లేమిటి అని అడిగాడు. ఎజ్రా 5వ అధ్యాయంలో యూదుల పెద్దలు ఇచ్చిన జవాబు ఉంది, దయచేసి దాన్ని నెమ్మదిగా చదవండి. మేము భూమ్యాకాశముల దేవుని సేవకులం అన్నారు. యెహోవా ఆలయం, యెహోవా ఆలయం అని తమ పితరులు ఒక భవనం పేరు చెప్పుకున్నారు. వీరు దేవుని పేరు చెప్పుకున్నారు. అంతటితో ఆగలేదు, ఆ అన్యుడైన అధికారి ముందు తమ కుటుంబపు అవమానాన్ని కూడా దాచలేదు. మా పితరులు ఆకాశమందలి దేవునికి కోపం పుట్టించారు కాబట్టి ఆయన వారిని నెబుకద్నెజరు చేతికి అప్పగించాడు, అతడు ఈ మందిరాన్ని నాశనం చేసి జనులను బబులోనుకు చెరగొనిపోయాడు అని చెప్పారు. ఆ జవాబు ఉత్తరంగా అప్పటి పారసీక రాజు దర్యావేషు దగ్గరకు వెళ్ళింది (ఇతడు దానియేలు నాటి దర్యావేషు కాడు). తిరుగు జవాబు వచ్చేవరకు వారు చేతులు కట్టుకొని కూర్చోలేదు. దేవుని దృష్టి వారి పెద్దల మీద ఉంది కాబట్టి అధికారులు పని మాన్పించలేకపోయారని గ్రంథం చెబుతుంది. దర్యావేషు ఏలుబడి ఆరవ సంవత్సరంలో, అదారు నెల మూడవ దినాన, అంటే క్రీ.పూ. 515లో, ఆ మందిరాన్ని వారు పూర్తి చేశారు.